గేరు పడకపోతే గేరుబాక్సు పోయినట్టేనా?

గత వేసవిలో కుప్పం దగ్గర మా మేనమామ గారింట్లో పెళ్లి. హోసూరు నుంచి ఇంటిల్లిపాదీ మా పాత వ్యాగన్ఆర్‌లో బయలుదేరాం. కృష్ణగిరి దాటి కుప్పం దారి పట్టాక ఒక ఎత్తు వచ్చింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజను అరుస్తోంది కానీ బండి మాత్రం ఎడ్లబండిలా కదులుతోంది. ఎలాగో పెళ్లికి చేరాం. తిరిగొచ్చిన మర్నాడు మా పెద్దబ్బాయి బండిని షెడ్డుకు తీసుకెళ్లి, ‘అన్నా, గేరు స్లిప్ అవుతోంది’ అన్నాడు. మెకానిక్కు ఒక రౌండు నడిపి చూడకుండానే, ‘బాక్సు దించి విప్పాలి, 28 వేలు అవుతుంది, వారం పడుతుంది’ అని చెప్పాడు.

అమ్మితే లక్షన్నర కూడా రాని బండికి 28 వేలు. చీటీ ఎత్తుదామా, మెడలో గొలుసు బ్యాంకులో పెడదామా అని ఇంట్లో రెండు రోజులు లెక్కలు వేశాం. మూడో రోజు సాయంత్రం మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన, ముప్ఫై ఏళ్లు లారీ నడిపినవాడు, తాళం అడిగి తీసుకుని పది నిమిషాలు తిప్పి వచ్చాడు. ‘మీ గేరుబాక్సు గుండ్రాయిలా ఉంది. పోయింది క్లచ్ ప్లేటు’ అన్నాడు. వేరే షెడ్డులో క్లచ్ సెట్టు, కూలి, ఆయిలు అన్నీ కలిపి 8 వేల లోపు అయింది.

ఇందులో మొదటి మెకానిక్కు మోసం చేశాడని మేం అనడం లేదు. చూడకుండా ధర చెప్పడం అతని తప్పు. కానీ ‘గేరు స్లిప్’ అన్నది మేమే. షెడ్డు భాషలో గేరు స్లిప్ అంటే పడిన గేరు దానంతట అదే న్యూట్రల్‌లోకి వచ్చేయడం. అది నిజంగా బాక్సు లోపలి జబ్బు. మా బండికి ఉన్నది క్లచ్ స్లిప్. ఒక్క మాట తేడాకు 20 వేలు పోయేవి.

మన వాళ్లకు తమిళం రాక, కన్నడం రాక ఈ చిక్కు రాదు. తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నవాళ్లం. సోలాపూరులో మరాఠీ, బరంపురంలో ఒడియా, మన నోట తెలుగంత సులువుగా పలుకుతాయి. పైగా క్లచ్, గేరు, బేరింగు అన్న మాటలు ఐదు రాష్ట్రాల షెడ్లలోనూ ఒకటే. రాని భాష ఏదైనా ఉంటే అది బండి భాషే. అది కొంచెం నేర్చుకుంటే డబ్బు ఎక్కడ మిగులుతుందో చెప్పడానికే ఈ వ్యాసం. గేరు కష్టంగా పడుతోందని షెడ్డుకు వచ్చే బండ్లలో చాలావాటికి లోపం గేరుబాక్సు బయటే ఉంటుంది. క్లచ్‌లోనో, కేబులులోనో, రబ్బరు బుష్షులోనో, ఆయిలులోనో ఉంటుంది. బాక్సు విప్పించేముందు వీటిని దాటి రావాలి.

లోపల జరిగేదేమిటి

రెండు అరచేతులూ గట్టిగా అదిమి పట్టి ఒక చేతిని తిప్పండి, రెండోదీ తిరుగుతుంది. పట్టు కొంచెం వదిలితే జారుతుంది, పూర్తిగా వదిలితే ఒకటి తిరుగుతున్నా రెండోది ఆగిపోతుంది. క్లచ్ ఇంతే. ఇంజను వెనక ఫ్లైవీలు ఒక అరచెయ్యి. దానిమీద ప్రెషర్ ప్లేటు అదిమి పెట్టే క్లచ్ ప్లేటు రెండోది. ఆ ప్లేటు గేరుబాక్సులోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్టు మీద కూర్చుంటుంది. మనం పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటు వేళ్లను నొక్కి, పట్టు వదిలిస్తుంది.

బాక్సు లోపల అన్ని ముందు గేర్ల పళ్లూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మనం గేరు మార్చినప్పుడు జరిగేది వాటిలో ఒకదాన్ని షాఫ్టుకు తాళం వేయడమే. తాళం పడేముందు రెండింటి వేగాలూ సమానం కావాలి. ఆ పని చేసేది ఇత్తడి లాంటి లోహంతో చేసిన సింక్రో రింగు. అది అరిగితే గేరు మార్చేటప్పుడు ‘కర్ర్’ మంటుంది. చాలా చిన్న కార్లలో రివర్సుకు ఈ రింగు ఉండదు. అందుకే రివర్సు ఒక్కటే అప్పుడప్పుడు గీరుకుంటే భయపడనక్కర్లేదు.

ఇంటి ముందే చేసుకోగల పరీక్షలు

మొదట ఇంజను ఆపి, క్లచ్ తొక్కి, ఒకటి నుంచి ఐదు దాకా, తర్వాత రివర్సు వేసి చూడండి. ఇప్పుడు ఇంజను స్టార్టు చేసి, బండి నిలబడి ఉండగానే అదే పని చేయండి. ఆపినప్పుడు వెన్నలా పడి, నడుస్తున్నప్పుడు మొరాయిస్తే బాక్సు మంచిదే, క్లచ్ పూర్తిగా వదలడం లేదు. ఆల్టో లాంటి చిన్న బండ్లలో క్లచ్ కేబులు సాగి ఉండవచ్చు. దానికి సర్దుబాటు నట్టు ఉంటుంది, పది నిమిషాల పని. హైడ్రాలిక్ క్లచ్ అయితే ద్రవం కారుతుండవచ్చు, గాలి చేరి ఉండవచ్చు. చాలా బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ డబ్బా ఒకటే. కాబట్టి ఆ డబ్బాలో మట్టం తగ్గుతూ ఉంటే అది క్లచ్ సంగతే కాదు, ప్రాణం సంగతి. ఆ రోజే చూపించండి.

ఇంజను ఆపినా నడిచినా ఒకేలా గట్టిగా ఉంటే గేరు రాడ్డు కింద చూడాలి. లివర్ నుంచి బాక్సు దాకా వెళ్లే కేబుళ్లో, రాడ్లో, వాటి చివర ప్లాస్టిక్ బుష్షులో తుప్పు పట్టి, అరిగి ఉంటాయి. లివర్ న్యూట్రల్‌లో ఉండగా అటూ ఇటూ మరీ వదులుగా ఊగుతుంటే అదీ బుష్షు గుర్తే. కొన్ని వందల రూపాయల సామాను. దీన్ని వదిలేసి బాక్సు దించిన కథలు మన చుట్టాల్లో కనీసం మూడు విన్నాం.

రివర్సు పరీక్ష ఇంకొకటి ఉంది. బండి ఆగి ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి, అప్పుడు రివర్సు వేయండి. ఆగాక శబ్దం లేకుండా పడితే అంతా బాగున్నట్టే, మీదే తొందర. ఆగినా గీరుకుంటే క్లచ్ ప్లేటు ఇంకా తిరుగుతూనే ఉందని అర్థం.

ఇంజను అరిచి బండి లాగకపోతే క్లచ్ స్లిప్పేమో చూడాలి. మా ఇంట్లో ఆ రోజు ఈ సంగతి తెలిసి ఉంటే రెండు రోజులు నిద్ర పట్టేది. ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో నాలుగో గేరులో వెళ్తూ ఒక్కసారి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజను చప్పుడు పైకి లేచి వేగం లేవకపోతే ప్లేటు జారుతోంది. నిలబెట్టి చూడాలంటే ముందూ వెనకా మనుషులు, పిల్లలు లేని సమతలం మీద హ్యాండ్‌బ్రేకు లాగి, కాలి బ్రేకు కూడా తొక్కి, మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూనే ఉంటే ప్లేటు పని అయిపోయింది. ఈ పరీక్ష ఒక్కసారే చేయండి, పదే పదే చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలిపోతుంది. కాలిన ప్లేటు వాసన ఒకసారి చూస్తే మరచిపోరు.

శబ్దాలకు చెవి కావాలి. ఇంజను నడుస్తూ, న్యూట్రల్‌లో, కాలు పెడల్ మీద లేకుండా కూర్చోండి. గరగర వినిపించి, పెడల్ తొక్కగానే ఆగిపోతే అది బాక్సు లోపలి ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. మొదట నిశ్శబ్దంగా ఉండి, తొక్కినప్పుడే శబ్దం వస్తే రిలీజ్ బేరింగు. ఈ రెండింటి మధ్య తేడా వేలల్లో ఉంటుంది. రిలీజ్ బేరింగు క్లచ్ సెట్టుతో పాటే మారుతుంది. లోపలి బేరింగుకు బాక్సు విప్పాల్సిందే. ఒక్క గేరులోనే ఊళ వేస్తే ఆ గేరు పళ్లు. అన్ని గేర్లలోనూ, న్యూట్రల్‌లో దొర్లుతున్నా కూడా హోరు వస్తుంటే బాక్సును అనుమానించేముందు చక్రాల బేరింగు చూడండి. మలుపు తిరిగేటప్పుడు హోరు పెరిగినా తగ్గినా అది చాలావరకు చక్రానిదే.

పడిన గేరు ఊడి న్యూట్రల్‌లోకి రావడమే అసలైన గేరు స్లిప్. స్లీవు పళ్లు అరగడం, ఫోర్కు వంగడం లాంటి లోపలి కారణాలు నిజమే. అయినా ఇక్కడా ముందు ఇంజను మౌంటింగులు చూపించండి. రబ్బరు తెగితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజనూ బాక్సూ కలిసి ఊగి, లివరును లాగేస్తాయి.

ఆయిలు చెప్పే నిజం

బాక్సు విప్పకుండా లోపలి సంగతి చెప్పగలిగేది ఆయిలు ఒక్కటే. డ్రెయిన్ బోల్టు విప్పించి ఒక తెల్ల ప్లాస్టిక్ టబ్బులోకి దింపమనండి. మీరు దగ్గరే నిలబడండి. చాలా బోల్టులకు అయస్కాంతం ఉంటుంది. దానికి మెత్తటి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల, తుడిచి బిగించవచ్చు. చేతికి గుచ్చుకునే ముక్కలు, పంటి పలుకులు ఉంటే ఇక విప్పక తప్పదు. ఆయిలులో పసుపు మెరుపు తేలుతుంటే సింక్రో రింగులు అరుగుతున్నాయి. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయి.

ఈ చివరి మాట చెన్నైలో, యానాంలో ఉన్నవాళ్లు గట్టిగా పట్టించుకోవాలి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు చెన్నైలో, 2022 జులైలో గోదావరి వరదకు యానాంలో బండ్లు ఎలా మునిగాయో చూశాం. గేరుబాక్సుకు గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. నీళ్లలో నిలబడితే అందులోంచి నీరు లోపలికి దిగుతుంది. బండి ఎండాక ఇంజను ఆయిలు మార్చి సంతోషపడతాం, గేరు ఆయిలు గుర్తుకు రాదు. ఆరు నెలలకు బేరింగు అరవడం మొదలుపెడుతుంది. మునిగిన బండికి రెండు లీటర్ల గేరు ఆయిలు వెంటనే మార్చి ఉంటే తప్పే ఖర్చు అది.

ఏ ఆయిలు పోస్తున్నారో కూడా చూడండి. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. ‘పెద్ద నంబరు, మంచిది’ అనుకుని జీఎల్-5 పోసేవాళ్లున్నారు. ఇత్తడి సింక్రో రింగులు ఉన్న బాక్సుకు అది పెద్ద అని మంచిది కాదు. అందులో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు ఆ లోహాన్ని తినవచ్చు, పట్టు తగ్గి గేరు ఇంకా కష్టంగా పడవచ్చు. బండితో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. పుస్తకం పోతే కంపెనీ కౌంటరులో మోడలు చెప్పి అడగండి.

వాయిదా వేయగలిగేవి, వేయకూడనివి

డబ్బు చేతిలో లేనప్పుడు మనందరం చేసేది వాయిదాయే. అది కొన్నింటికి సరిపోతుంది, కొన్నింటికి నిలువునా ముంచుతుంది.

ఒక్క రెండో గేరుకే సింక్రో అరిగితే నెలల తరబడి నెట్టుకురావచ్చు. మా పెద్దాయన దీనికి పాత లారీల పద్ధతి నేర్పాడు. సింక్రోలు లేని లారీలు నడిపిన తరానికి ఇది వెన్నతో పెట్టిన విద్య. మూడు నుంచి రెండుకు దించేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ ఒక్కసారి తట్టి, మళ్లీ క్లచ్ తొక్కి రెండు వేయాలి. చప్పుడు లేకుండా జారి కూర్చుంటుంది. మా అబ్బాయికి అలవాటు కావడానికి వారం పట్టింది.

క్లచ్ స్లిప్ మాత్రం ఆగదు. జారే ప్లేటు వేడెక్కి ఫ్లైవీలును కాల్చుతుంది, పగుళ్లు తెస్తుంది. కొన్ని డీజిలు బండ్లలో స్ప్రింగులున్న రెండు పొరల ఫ్లైవీలు ఉంటుంది. దాని ధర ముందు క్లచ్ ధర ఎందుకూ ఆనదు. జయపూరు, కొరాపుట్ నుంచి సాలూరు ఘాటు దిగి వచ్చే మన వాళ్లు స్లిప్పున్న బండితో ఆ రోడ్డు ఎక్కడం, దిగడం రెండూ వద్దు. దిగేటప్పుడు గేరులో ఉన్న ఇంజనే సగం బ్రేకు. పట్టు లేని క్లచ్‌తో ఆ సగం ఉండదు.

లోపలి బేరింగు శబ్దం కూడా ఆగదు. విరిగిన లోహపు పలుకులు ఆయిలులో తిరిగి మిగతా పళ్లన్నింటినీ తింటాయి. 12 వేలతో పోయేది బాక్సు మార్చేదాకా వస్తుంది. డ్రైవ్‌షాఫ్టు దగ్గర సీలు కారుతుంటే మట్టం చూపించి నింపుకుంటూ కొన్నాళ్లు వెళ్లవచ్చు. కానీ ‘గేరు ఆయిలు ఎవరు చూస్తారులే’ అని వదిలేసిన బండ్లే బాక్సు ఎండి మాడిపోయి షెడ్డుకు వస్తాయి.

ఖర్చు లెక్క

మేమూ మా చుట్టాలూ ఈ మధ్య కట్టిన బిల్లుల నుంచి సుమారు అంకెలు ఇస్తున్నాం. చిన్న పెట్రోలు కారుకు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు కలిసిన సెట్టు మూడున్నర వేల నుంచి 6 వేలు. బయటి షెడ్డులో కూలి 1,500 నుంచి 3 వేలు. ఆయిలు వెయ్యి లోపు. బాక్సు విప్పి బేరింగులు, సింక్రోలు వేస్తే 12 నుంచి 25 వేలు. కంపెనీ షోరూములో కొత్త బాక్సు మొత్తంగా మార్చితే 50 వేలు దాటడం మామూలే. డీజిలు బండ్లకు, పెద్ద బండ్లకు ఇవన్నీ పెరుగుతాయి.

ఇందులో కూలి సంగతి గమనించండి. క్లచ్‌కైనా, బాక్సుకైనా బాక్సు దించాల్సిందే, ఆ కూలి ఒకటే. కాబట్టి ఒకసారి దించినప్పుడు రిలీజ్ బేరింగు, ఇంజను వెనక ఆయిలు సీలు, డ్రైవ్‌షాఫ్టు సీళ్లు మార్చేయండి. రెండు మూడు వందల సీలు మిగుల్చుకుందామని వదిలేస్తే, అది కారి కొత్త ప్లేటును తడిపితే మళ్లీ దింపుడు కూలి మొత్తం కట్టాలి. ప్లేటు ఒక్కటే మార్చి పాత ప్రెషర్ ప్లేటు ఉంచమనే సలహా కూడా అలాంటిదే.

సామాను మీరే కొని ఇవ్వగలిగితే మేలు. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ ఉంటుంది. అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఎంఆర్‌పీ మీద మళ్లీ జీఎస్టీ వేస్తే అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి బండ్ల విడిభాగాలన్నింటికీ జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. పాత నిల్వ అని పాత రేటు చెప్పేవాళ్లతో ఈ మాట అనండి. లూక్ పేరుతో వచ్చే క్లచ్‌లు తయారయ్యే కార్ఖానా మా హోసూరులోనే ఉంది, అయినా మాకేం తగ్గించి ఇవ్వరు లెండి.

పాత బాక్సు, దూరపు బేరం

బాక్సు నిజంగానే పోయి, విప్పించే ఖర్చు 20 వేలు దాటుతుంటే తుక్కు బండి నుంచి తీసిన పాత బాక్సు గురించి ఆలోచించవచ్చు. చెన్నైలో పుదుపేట, బెంగళూరులో శివాజీనగర్, ముంబైలో కుర్లా ఇందుకు పేరున్న చోట్లు. మన వాళ్లకు ఇంకో దారి కూడా కనిపిస్తుంది: విజయవాడ ఆటోనగర్‌లో తెలిసినవాడు ఉన్నాడు, లారీలో పార్సిల్ వేయిస్తాడు. ధర తక్కువే. కానీ బళ్లారికో సోలాపూరుకో వచ్చాక అది అరిస్తే? తిరిగి పంపే కిరాయి, మళ్లీ దించి ఎక్కించే కూలి, పనిలేకుండా ఆగిన బండి, ఇవన్నీ మీవే. దగ్గరి ఊళ్లో 3 వేలు ఎక్కువైనా, వెనక్కి తీసుకుంటానని చీటీ మీద రాసి ఇచ్చేవాడి దగ్గర కొనడమే మాకు తెలివిగా తోస్తుంది. యానాం వాళ్లకు కాకినాడ, కోలారు వాళ్లకు బెంగళూరు దగ్గరే కాబట్టి ఈ బెంగ తక్కువ.

కొనేముందు చేతితో ఇన్‌పుట్ షాఫ్టు తిప్పి చూడండి. గరుకు తగలకూడదు, పైకీ కిందకీ ఆట ఉండకూడదు. అన్ని గేర్లూ వేయించి తిప్పండి. డ్రెయిన్ బోల్టు విప్పి వేలు పెట్టి చూడండి. మోడలు పేరు ఒకటే అయినా పెట్రోలు, డీజిలు బాక్సులు వేరు, ఏడాది మారితే పళ్ల లెక్క మారవచ్చు. మీ బాక్సు మీది నంబరు ఫోటో తీసుకుని వెళ్లండి.

అప్పు చేయాల్సి వస్తే లెక్క కాగితం మీద వేయండి. 30 వేలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 600, ఏడాదికి 7,200 వడ్డీయే. ఏడాది తర్వాతా అసలు అలాగే ఉంటుంది. బంగారం మీద బ్యాంకు వడ్డీ ఇందులో సగం లోపే ఉంటుంది. బండి ఆర్సీ తాకట్టు పెట్టే ప్రైవేటు ఫైనాన్సు జోలికి మాత్రం వెళ్లకండి. బండి ట్యాక్సీగా తిరిగేదైతే లెక్క వేరు. వారం ఆగితే పోయే రాబడి కూడా కలపండి, అప్పుడు రెండు రోజుల్లో ఇచ్చే షెడ్డు 2 వేలు ఎక్కువైనా చవకే అవుతుంది.

బీమా వస్తుందా అని చాలామంది అడుగుతారు. అరిగినదానికి, దానంతట చెడిపోయినదానికి మామూలు పాలసీలో రాదు. కానీ కింద రాయి తగిలి బాక్సు పగిలితే అది ప్రమాదం కిందకు వస్తుంది, సొంత బండి నష్టానికి పాలసీ ఉంటే. అయితే ఆయిలు కారుతుండగా ఇంటి దాకా నడుపుకొచ్చి లోపలి పళ్లు మాడ్చుకుంటే ఆ మాడిన భాగానికి ఇవ్వమంటారు. ఇంజను, గేరుబాక్సు రక్షణ అని అదనంగా కట్టే పాలసీ ఉంటేనే దానికి కొంత దారి ఉంటుంది. రాయి తగిలిందంటే అక్కడే ఆపి, ఫోటోలు తీసి, లాగుడు బండి పిలవండి.

షెడ్డులో మాట, చేతిలో బిల్లు

వెళ్లగానే జబ్బు పేరు చెప్పకండి, లక్షణం చెప్పండి. ‘గేరుబాక్సు పోయింది’ అనకండి. ‘ఇంజను ఆపితే గేరు పడుతోంది, నడుస్తుంటే పడటం లేదు’ అనండి. ‘క్లచ్ తొక్కితే శబ్దం ఆగుతోంది’ అనండి. మెకానిక్కును పక్కన కూర్చోబెట్టి ఒక రౌండు నడిపించండి. నడపనివాడికి బండి ఇవ్వకండి. బాక్సు విప్పక తప్పదంటే, విప్పాక ఫోటోలు పంపి, ధర చెప్పి, ఒప్పుకున్నాకే సామాను కొనాలని ముందే వాట్సాప్‌లో రాసి పంపండి. తీసిన పాత సామాను తిరిగి అడగండి. పాత ప్లేటు మీద రివెట్లు పైకి తేలి కనిపిస్తే దాన్ని మార్చడం న్యాయమే.

బిల్లు తప్పక తీసుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అన్యాయ వ్యాపార పద్ధతి. చేసిన పని పాడైతే రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల దాకా ఫీజు లేదు. మన వాళ్లకు ముఖ్యమైన సంగతి: ఫిర్యాదు చేసేవాడు ఉన్న ఊళ్లోనే వేయవచ్చు. విజయవాడలో కొన్న బాక్సుకు బళ్లారి కమిషన్‌లోనే ఫిర్యాదు పెట్టవచ్చు. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అది 17 భాషల్లో పని చేస్తుంది, అందులో తెలుగూ ఉంది. మరాఠీలో మాట్లాడగలిగినా, ఇంట్లో అమ్మకు వివరంగా చెప్పగలిగేది తెలుగే అయితే ఆవిడనే మాట్లాడనివ్వండి. సామాను ప్యాకెట్లు, బిల్లు, పాత విడిభాగాల ఫోటోలు, వాట్సాప్ మాటలు అన్నీ ఒకచోట ఉంచుకోండి.

బండి ఇంటికొచ్చిన వారం రాత్రిపూట బాక్సు కింద ఒక అట్టముక్క పరచండి. పొద్దున చుక్క పడి ఉంటే దాని రంగు చూసి, ఆ అట్టముక్కనే షెడ్డుకు తీసుకెళ్లండి. మేం మూడో రోజున అలాగే తీసుకెళ్లాం. డ్రైవ్‌షాఫ్టు సీలు ఒకటి వంకరగా కూర్చుందట, కూలి అడక్కుండానే సరిచేసి ఇచ్చాడు.